అదే చెయ్యి, అదే కోణం

డెల్ఫీన్ వెళ్లిపోతోందని నాకు డెల్ఫీన్ చెప్పలేదు. పక్క కుర్చీ బల్తసార్ చెప్పాడు.

"నీ అర్కన్సా పిల్లకి పొడిగింపు రాలేదట జెనైదా. వచ్చే శుక్రవారమే ఆఖరు."

అప్పటికే నా ఎడమ చేతిలో రెండు సూదులున్నాయి. రక్తం గొట్టంలోంచి యంత్రంలోకి పోయి, శుభ్రపడి తిరిగి వస్తోంది. నాలుగు గంటలు కదలకూడదు. లేకపోతే అప్పుడే లేచి ఇంటికి పోయేదాన్ని.

యూనియన్ సిటీలో మా డయాలసిస్ సెంటర్‌కి ట్రావెల్ నర్సులు రావడం, పోవడం మామూలే. కిక్కిరిసిన రాష్ట్రం మాది. ఇక్కడ రోగులకు కొరత లేదు, నర్సులకే కొరత. పదమూడు వారాల ఒప్పందం మీద ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా పేర్లూ చేతులూ అలవాటయ్యేసరికి పెట్టె సర్దుకుంటారు. ఆరేళ్లలో పద్నాలుగు మందిని చూశాను. ఏ ఒక్కరి ఆఖరి రోజునా నేను అక్కడ లేను. జ్వరమనో, మెట్ల మీద జారాననో ఫోను చేసి, మర్నాటికి కుర్చీ అడిగేదాన్ని. హవానా వదిలిన రోజు విమానాశ్రయంలో అద్దానికి అవతల మా అమ్మ ఏదో చెబుతూనే ఉంది, నాకు ఒక్క మాటా వినబడలేదు. అప్పటినుంచీ వీడ్కోలు దగ్గర నిలబడటం నావల్ల కాదు.

ఈసారి తప్పించుకోవడం కుదరదు. నా చేతి మీద కాజా పని సగంలో ఉంది.

ఆరేళ్లుగా వారానికి మూడుసార్లు కొత్తచోట గుచ్చి గుచ్చి, నా చెయ్యి యూకా దుంపలా బుడిపెలు తేలింది. సూదులు గుచ్చే ఈ నాళం పాడైతే ఇంక మెడలో గొట్టమేనని, ఈ వయసులో మరో ఆపరేషన్ వద్దని డాక్టరు చెప్పాడు. అప్పుడు డెల్ఫీన్ ఒక ఉపాయం చెప్పింది. రెండే చోట్లు, ప్రతిసారీ అక్కడే, అదే కోణంలో గుచ్చాలి. పదిసార్లు అయ్యేసరికి చెవి కుట్టినట్టు లోపల ఒక దారి పడుతుంది. ఆ తర్వాత మొద్దు సూది కూడా నొప్పిలేకుండా దిగుతుంది. చొక్కాకి కాజా ఎలాగో ఇదీ అలాగే. అయితే దారి పడేదాకా గుచ్చే చెయ్యి ఒక్కటే ఉండాలి. చెయ్యి మారితే కోణం మారుతుంది, దారి చెడుతుంది.

నాలుగుసార్లు అయింది. ఆమె వెళ్లేలోపు ఇంక నాలుగే మిగిలాయి.

డెల్ఫీన్ రక్తపోటు చూడటానికి వచ్చినప్పుడు అడిగేశాను.

"పదిసార్లు కావాలన్నావు. మిగతావి ఎవరు చేస్తారు పిల్లా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "పొడిగింపు ఖాయమని నోటిమాటగా చెప్పారమ్మా. కాగితం రాకుండానే మొదలెట్టాను. తొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నా, బుద్ధుండాలి నాకు."

"అయితే?"

"మీరే చెయ్యాలి."

బల్తసార్ నవ్వితే అతని యంత్రం కూత పెట్టింది. "ఈవిడా! సూది కనిపిస్తే కళ్లు మూసుకుని దేవతలందర్నీ పిలుస్తుంది!"

"నలభై ఏళ్లు ఎంబ్రాయిడరీ ఫ్యాక్టరీలో సూదులతోనేగా బతికారు," అంది డెల్ఫీన్.

"ఆ సూదులు గుడ్డలోకి పోయేవి తల్లీ," అన్నాన్నేను. "గుడ్డ ఏడవదు."

ఆమె ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. నేను బడికి పోయినదాన్ని కాదు. ఫ్యాక్టరీ గోడ మీది నోటీసులు చూసి చదవడం పట్టుబడింది. ఆ పుస్తకం నాలుగుసార్లు చదివాను. ఏమేం పొరపాట్లు జరగొచ్చో రాసిన పేజీ మాత్రం పదిసార్లు చదివాను.

ఆ వారం శుక్రవారం నా కుడిచేతి మీద ఆమె చెయ్యి పెట్టింది. పాత గాటు మీది పక్కు తీసి, తుడిచి, సూది ఇద్దరం కలిసి దింపాం. సోమవారం కూడా అంతే. ఆమె వేళ్ల బరువు మాత్రం తగ్గింది.

బుధవారం చెయ్యి తీసేసి వెనక్కి నిలబడింది.

సూది మొన చర్మాన్ని తాకింది. ఏ కోణమో నా మణికట్టుకి తెలుసు. తెలిసే, కొంచెం పక్కకి తిప్పాను. రక్తం బొట్టు పైకి ఉబికింది. "నావల్ల కాదు!" అని హెడ్ నర్సుకి వినపడేలా అరిచాను. డెల్ఫీన్ సూది తీసుకుని తానే దింపింది.

బల్తసార్ గురక మొదలెట్టాక స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"మీ చెయ్యి వణకలేదు మిస్ జెనైదా. తిప్పారు. నేను చూశాను."

నేను ముఖం కప్పు కేసి తిప్పుకున్నాను.

"మీకు రాలేదంటే నన్ను ఉంచుతారనుకున్నారా?"

"ఉంచరా మరి?"

"ఉంచరు. నా చోటికి మనిషి వచ్చేసింది. ఉంచినా ఇంకో పదమూడు వారాలు. ఆ తర్వాత?" ఆమె నా దుప్పటి అంచు సరిచేసింది. "ఇన్నేళ్లలో ఎంతమందిని వదిలి వచ్చానో లెక్కలేదు. తర్వాత వాళ్లేమయ్యారో ఎవరూ చెప్పరు, నేను అడగనూ కూడదు. మీ చెయ్యి బాగుంటుందని ఒక్కటి తెలుసుకుని వెళ్లనివ్వండి."

ఇంటికి వెళ్లాక సిగ్గేసింది. వీడ్కోలు బాధ నా ఒక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆఖరి శుక్రవారం పొద్దున ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. జ్వరమని చెప్పడం ఎంతసేపు! మళ్లీ పెట్టేసి వ్యానెక్కాను. వ్యానులో నిలబడేచోటు లేదు. ఎడమచేతిని ఎవరూ తగలకుండా గుండెకి ఆనించుకుని వెళ్లాను.

డెల్ఫీన్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. బల్తసార్ మొదటిసారి నోరు మూసుకున్నాడు. పక్కు తీశాను. తుడిచాను. సూదిని అదే కోణంలో ఉంచి నెట్టాను. చిన్న మంట, తర్వాత ఏదో వదులైనట్టు మెత్తగా జారింది. గొట్టంలో ఎర్రగా మెరిసింది. రెండోది కూడా అలాగే దింపాను.

"అబ్బో, అయితే వచ్చేసారి నుంచి నాకూ గుచ్చుతావా?" అన్నాడు బల్తసార్.

"నీకు బట్టల సూది చాలు," అన్నాను.

డెల్ఫీన్ నవ్వుతూ టేపు అంటించింది. అంతలో ఎదురు కుర్చీలో యంత్రం అరిస్తే అటు పరిగెత్తింది. నాలుగు గంటలూ అలాగే అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. చివర్లో సూదులు తీశాక దూది అదిమి పట్టుకోవాలి, పది నిమిషాలు. ప్రతిసారీ ఆ పని నాచేతే చేయించేది. ఆవేళ తానే పట్టుకుంది. మా రాష్ట్రంలో పెట్రోలు ఎవరికి వారు పోసుకోకూడదని తెలియక, ఇక్కడికొచ్చిన కొత్తలో తానే పోసుకోబోతే, బంకు కుర్రాళ్లు తిట్టిన తిట్లు చెప్పింది. తర్వాత మేరీల్యాండ్ వెళ్తానంది. ఆమె మాట్లాడినంతసేపూ నేను తల తిప్పుకోలేదు. ప్రతి మాటా విన్నాను.

సోమవారం కొత్తమ్మాయి వచ్చింది. ఐడహో నుంచట. నా చెయ్యి చూసి కంగారు పడింది.

"ఈ కాజాలు ఎవరు వేశారు? వాళ్లే గుచ్చాలి, ఇంకా రెండుసార్లు పదును సూది కావాలని రాసుంది. వాళ్లు ఉన్నారా?"

"ఉన్నారు," అంటూ గ్లవ్స్ తొడుక్కున్నాను. "టేపు నాలుగు ముక్కలు చింపి ఉంచమ్మా. నీ పేరేంటి?"