ఏటిగడ్డపాళెం తట్టు లెక్క

శ్రీకాళహస్తికి ఆవల, స్వర్ణముఖి గట్టున ఏటిగడ్డపాళెం. 1987 ఎండాకాలంలో అక్కడి పిల్లలకు తట్టు పోసింది. ఆరోగ్య కేంద్రం సూపర్వైజర్ వరదయ్య ఇంటింటికీ తిరిగి తలుపు తట్టాడు. తట్టు మాత్రం ఆయన బుర్రకు తట్టలేదు.

ఆయన చేసిన తప్పల్లా ఒకటే, "జబ్బేమన్నా ఉండాదా?" అని అడిగాడు. బిడ్డ ఒంటిమీదికి అమ్మవారు వచ్చిన ఇంట్లో జబ్బు అనే మాట ఎత్తితే తల్లులు ఒప్పుకుంటారా? మా ఇంట్లో జబ్బేం లేదప్పా అని అందరూ నిజాయితీగానే చెప్పారు. అమ్మవారు వచ్చిన గుర్తుగా వాకిలికి కట్టిన వేపమండ ఆయన తలకు తగులుతూనే ఉంది. దాన్ని పక్కకు తోసి, సున్నా రాసుకుని, సున్నం కొట్టినంత తెల్లటి రిజిస్టరుతో తిరిగొచ్చాడు.

ఆ ఊరి నర్సు దేవకమ్మ అలా అడగలేదు. వేపమండ ఉన్న ప్రతి ఇంటి బయటా చెప్పులు విప్పి నిలబడి, అమ్మ వచ్చి ఎన్నాళ్లయింది, బిడ్డ గంజి తాగుతున్నాడా, ఊపిరాడక ఎగరొప్పుతున్నాడా అని అడిగింది. పంతొమ్మిది మంది తేలారు. అందులో గంగులమ్మ కొడుకు, రెండేళ్లవాడు, ఆయాసంతో పోయాడు.

నెలాఖరు మీటింగులో డాక్టరు ఆ సున్నా కింద ఆమెను సంతకం పెట్టమన్నాడు. పైఆఫీసుకు సున్నా అని లెక్క పోతే టీకాల పెట్టె వేరే ఊరికి పోతుంది. ఇంకా తట్టు పోయని చంటిబిడ్డలు ఊళ్లో నలభైమంది. దేవకమ్మ కలం ముట్టలేదు, వేపమండ కట్టిన ఇళ్లల్లో పంతొమ్మిది మంది తేలారని చెప్పింది. వేపమండలు లెక్కబెట్టడం కూడా ఒక లెక్కేనా అని డాక్టరు ఎగతాళి చేశాడు. మండ మాట వినగానే ఆమెకు ఒళ్లు మండింది.

"గంగులమ్మ బిడ్డను ఒగసారి పూడ్చినారు సార్. మళ్లా మీ సున్నాలో నేను పూడ్చను."

"నీ ఉద్యోగం సంగతి సూసుకోమ్మా," అన్నాడు వరదయ్య.

"ఊళ్లోకి పోయి సూద్దాం రాండి సార్," అని దేవకమ్మ వరదయ్య వైపు తిరిగింది. "నువ్వూ రాప్పా. ఈ తూరి వాకిట్లో తలెత్తి సూడు."

డాక్టరు విసుగ్గా జీపు తీయించాడు. మొదట ఆగింది గంగులమ్మ ఇంటి ముందే. అమ్మవారు దిగాక బిడ్డ తలకు నీళ్లు పోసిన రోజున తీసేయాల్సిన వేపమండ ఎండిపోయి ఇంకా వేలాడుతోంది. నీళ్లు పోయించుకోవడానికి బిడ్డ లేడు. డాక్టరు జీపు బానెట్ మీద రిజిస్టరు పెట్టి, సున్నా కొట్టేసి, పంతొమ్మిది వేసి సంతకం చేశాడు.

టీకాల పెట్టె వచ్చింది. దాని వెంటే దేవకమ్మకు మెమో కూడా వచ్చింది, పైవాళ్లకు ఎదురు మాట్లాడినందుకు సంజాయిషీ ఇమ్మని. ఆ కాగితం నిండా ఆమె పంతొమ్మిది మంది పిల్లల పేర్లూ, వాళ్ల నాయనల పేర్లూ రాసి పంపింది. క్షమించమని రాయడానికి కింద చోటు మిగల్లేదు.