ముందుగా తెచ్చిన కేకు

గాజుపలక మీద గరుకుపొడి చల్లి, నీళ్లు చిలకరించి, హెన్నింగ్ రాతిముక్కను అరగదీస్తున్నాడు. ఉత్తర సముద్రం అడుగున, చమురు బావిలోంచి తీసిన సుద్దరాయి అది. అక్కడి రాయిలో ఇదే ఆఖరి ముక్క. వెంట్రుక కన్నా పలుచన కావాలి. ఇంకాస్త అరిగిందా, ఏమీ మిగలదు. బావిని ఇంకా తవ్వాలో మూయాలో చెప్పే దిక్కూ ఉండదు.

కుడిచెయ్యి వణుకుతోంది. చలికాలం నుంచీ ఇంతే, ఎవరికీ చెప్పలేదు. మోచేతిని బల్లకేసి అదిమిపెట్టుకున్నాడు. కనుబొమల దాకా సుద్దపిండి.

కోపెన్‌హేగన్‌లోని ఆ పనిగదిలో ఒక ఆనవాయితీ ఉంది. పని చెడగొట్టినవాడు అందరికీ కేకు తేవాలి, తాను మాత్రం చివరి ముక్క తినాలి. హెన్నింగ్ ఏనాడూ తేలేదు. ఆ పొద్దున సైకిలు బుట్టలో కేకు పెట్టెతో వచ్చాడు.

రాళ్లు పరీక్షించే గ్రేటె పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "సూర్యుడు పడమట పొడిచాడేంటి? ఏం తగలేశావ్, హెన్నింగ్?"

"ఇంకా ఏం తగలెయ్యలేదు. కాఫీ పెట్టు."

"తప్పు చెయ్యకుండానే జరిమానా కట్టేవాణ్ణి నిన్నే చూశా."

అతను రాతిముక్క మీదకు వంగాడు. అరగదీశాడు, వెలుగుకు పట్టి చూశాడు, మళ్లీ అరగదీశాడు. చివరికి దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి పక్కకు జరిగాడు.

సుద్దరాయి నిండా సన్నని ఖాళీలుంటాయి. పైన బరువు పడేకొద్దీ రాయి కాస్త కరిగి, ఆ సున్నమే ఖాళీల్లో పేరుకుని వాటిని పూడ్చేస్తుంది. ఈలోగా చమురు వచ్చి చేరితే ఆ పూడిక మందగిస్తుంది. ఖాళీలు మిగిలాయో లేదో తెలియడానికి కోయకముందే రాయికి నీలిరంగు జిగురు పట్టిస్తారు. ఖాళీ ఉన్నచోటల్లా నీలం కనిపిస్తుంది.

గ్రేటె సూక్ష్మదర్శినిలోకి వంగి చూసింది. "అంతా నీలమే. పూడకముందే వచ్చేసింది చమురు. బావి ఇంకా తవ్వొచ్చు."

"టైముకొచ్చింది, అంతే," అన్నాడు హెన్నింగ్.

ఆమె నవ్వుతూ కేకు కోసింది. "మరి ఈ కేకు ఎవరి తప్పుకి?"

అతను అరచెయ్యి బల్ల మీద పరిచాడు. వేళ్లు వాటంతటవే వణికాయి.

"రేపు ఈ చెయ్యి చేసే తప్పుకి. చేతులు కాలాక ఆకులు పట్టుకోడమెందుకు? రేపట్నించి రాను, గ్రేటె."

ఆ పనంటే అతనికి ప్రాణమని ఆమెకు తెలుసు. ఉండమనాలనుకుంది. ఆ వేళ్లను చూసి అనలేకపోయింది.

అతను చేతులు కడుక్కుని, ఏప్రన్ కొక్కేనికి తగిలించి, వెళ్లిపోయాడు. సాయంత్రానికి పెట్టెలో ఒక్క ముక్క మిగిలింది. అది తప్పు చేసినవాడిది, ఎవరూ ముట్టుకోలేదు.