ఎరుపు వేసే రాయి

చిన్న రాతిని పెద్ద రాతి మీద బోర్లించి, మధ్యలో నల్ల గరుకుపొడి, నీళ్లు పోసి, ఇనాయత్ గుండ్రంగా తిప్పుతున్నాడు. గరగర చప్పుడు మెత్తబడేదాకా తిప్పాలి. మెత్తబడితే పొడి అరిగిందని లెక్క. కడిగి, మళ్లీ పొడి చల్లి, మళ్లీ మొదలు. ముంజేతుల దాకా బూడిదరంగు బురద. నడుముకు కట్టిన రబ్బరు గుడ్డ మీద అదే బురద ఎండి పెచ్చులు కట్టింది. కుడి చూపుడువేలికి కొన లేదు. చిన్నప్పుడు, హైదరాబాదు ఛత్తాబజార్ ప్రెస్సులో, రెండు రాళ్ల మధ్య నలిగిపోయింది.

జర్మనీలో, లైప్‌జిగ్‌లోని ఈ ప్రెస్సులో పాతకాలపు ఫ్రెంచి నాటకాల పోస్టర్లు ఆనాటి పద్ధతిలోనే మళ్లీ అచ్చేస్తారు. రాతి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తారు. రాయిని తడిపి సిరా రోలరు తిప్పితే, జిడ్డున్న చోటే రంగు పట్టుకుంటుంది. రంగుకో రాయి. పసుపు అయిపోయింది. ఇవాళ నీలం పడుతోంది. ఇనాయత్ నూరుతున్నది ఎరుపు రాయి, పోస్టరులోని నాట్యకత్తె లంగా కోసం. దాని మీద పాత బొమ్మ, ఎవరో మీసాల నటుడి మొహం, పొద్దుటి నుంచి చెరుపుతున్నాడు.

చెరపడమే ఆయన పని. మూడో తరగతితో బడి మానేసి ఛత్తాబజార్‌లో ఉర్దూ పుస్తకాల రాళ్లు చెరిపాడు. కంప్యూటర్లొచ్చి ఆ ప్రెస్సు మూతపడ్డాక ఆ రాళ్ల మీద ఆడవాళ్లు బట్టలుతుక్కున్నారు. అప్పుడొచ్చాడు ఇక్కడి పాత యజమాని, ఇవి మా జర్మనీ గనుల రాళ్లే అంటూ. రాళ్లు కొన్నాడు. వాటితోపాటు నూరేవాణ్నీ తెచ్చుకున్నాడు. రాళ్లు సొంత దేశం చేరాయి. మనిషి మాత్రం ఇన్నేళ్లయినా చేరలేదు. ఇప్పుడు ఆ యజమాని కూతురు హైడి ప్రెస్సు నడుపుతోంది.

ఆన్‌లైన్ ఆర్డర్లు చూసే వైశాలి కాఫీ కప్పుతో వచ్చింది. కాకినాడ అమ్మాయి.

"చాచా, నీలం షీట్లు దిగుతున్నాయండి. పనిచేసినోళ్ల పేర్లు కింద నీలంలోనే పడతాయి. ఈసారి మీ పేరు పక్కా. అందరి పేర్లూ వేస్తానని హైడి నాతో అంది."

"చూద్దాం తియ్."

"అబ్బో, చూద్దామంట! లోపల పొంగిపోతా, పైకేమో రాయి మొహం. ఆ రాళ్లతో ఉండీ ఉండీ మీరూ అలాగే తయారయ్యారు."

ఇనాయత్ నవ్వలేదు. రాయి మాత్రం కాస్త వేగంగా తిరిగింది.

ఆ పేరు ఆయనకు కావాలి. హైదరాబాదు నుంచి కూతురు అఫీఫా ఫోన్లో ఎప్పుడూ అడుగుతుంది, అక్కడ ఏం చేస్తావు అబ్బా, ఒక్కటన్నా చూపించు అని. ఏం చూపిస్తాడు? ఎంత బాగా చేస్తే అంత ఏమీ మిగలని పని. ఒక్క పోస్టరు, దాని అడుగున తన పేరు. ఇదిగో అని పంపిస్తే చాలు.

మధ్యాహ్నం వైశాలి తడారని షీటును రెండు చేతుల మీద తెచ్చింది. ఈసారి వేళాకోళం లేదు.

"చదువు బిడ్డా."

ఆమె చదివింది. బొమ్మ గీసినవాడి పేరు. మిషను తిప్పినవాడి పేరు. కాగితమిచ్చినవాళ్ల పేరు. హైడి పేరు. చివర బ్రూనో.

"బ్రూనో అంటే కుక్క గదా?"

"సరదాకంట." వైశాలి షీటును బల్ల మీద పెట్టింది. "ఉండండి చాచా, నేనెళ్లి అడుగుతాను."

"అడిగి ఏం జేస్తవ్? నీలం పడిపాయె. దావత్ కార్డు మీద గిన్నెలు తోమినోని పేరేస్తరా ఎవరన్న? కుక్క మంచిదే తియ్. నాకన్న ముందొచ్చి తలుపుకాడ కూసుంటది."

ఆమె వెళ్లిపోయింది. తెచ్చుకున్న రొట్టె మూట ఆయన విప్పలేదు. ఆఖరి విడత మెత్తని పొడి చల్లి, నూరి, కడిగాడు. రాయి కోడిగుడ్డు పెంకులా సన్నటి గరుకుతో తేలింది.

అలా తేలిన రాతి మీద ఒట్టి చెయ్యి ఆనకూడదు. చేతి జిడ్డు కంటికి కనబడదు. సిరా మాత్రం దాన్ని వదలదు. ఛత్తాబజార్ ఉస్తాద్ ఈ ముక్క చెక్కబద్దతో నేర్పాడు. ఆ తర్వాత ఇనాయత్ ఎన్నడూ తప్పలేదు.

అట్టముక్కతో విసురుతూ రాయి ఆరబెడుతుంటే ఛాతీలో ఏదో పట్టేసింది. ముందుకు తూలాడు. కుడి అరచెయ్యి రాతి మీద పడింది. ఒంటి బరువంతా దాని మీదే ఆగింది. ఊపిరి అందాక చెయ్యి తీసి చూశాడు. రాతి మీద ఏమీ లేదు. ఉందని ఆయనకు తెలుసు.

"తూ," అన్నాడు. "పాడైపాయె."

పొడి డబ్బా కోసం చెయ్యి చాపాడు. అందలేదు. కాసేపాగి నూరుదామని బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, గోడకు తల ఆనించాడు.

ట్రాముకు టైమైందని వైశాలి పిలవడానికి వచ్చేసరికి ఆయన చేతుల మీది బురద ఎండి తెల్లబడింది. కాళ్ల దగ్గర కుక్క పడుకుని ఉంది.

ఆయనకు లైప్‌జిగ్‌లోనే మట్టి ఇచ్చారు. అఫీఫా ఫోన్లో చూసింది.

తర్వాత ఎరుపు రాతి మీద నాట్యకత్తె లంగా గీశారు. తడిపి, ఎర్ర రోలరు తిప్పారు. లంగాతోపాటు దాని పక్కన ఒక అరచెయ్యి తేలింది. హైడి తల పట్టుకుంది. మళ్లీ నూరాలి. నూరేవాడు లేడు. ఎరుపును కంప్యూటరు మిషను మీద కానిచ్చేశారు. కొన్నవాళ్లెవరికీ తేడా తెలియలేదు.

పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఆ రాతిని అడ్డం పెట్టారు. వస్తూ పోతూ బూట్లు దానికే తగులుతుంటాయి. దాని మీద ఎర్రటి అరచెయ్యి, అయిదు వేళ్లు. చూపుడువేలికి కొన లేదు.