ఫోను పెట్టేసిన తరువాత

ఆమె పని అంబులెన్సులు పంపే కంట్రోల్ రూములో. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని రోజుకు తొంభై, వంద ఫోన్లు ఎత్తేది. ఏడుస్తున్నవాళ్ల దగ్గర చిరునామా రాబట్టాలి, బండి పంపాలి, అది చేరేదాకా ఏం చేయాలో చెప్పాలి. బండి రాగానే అవతలివాళ్లు ఫోను పెట్టేస్తారు. ఆ తరువాత మనిషి బతికాడో లేదో ఆమెకు తెలియదు. కనుక్కుందామనుకునేలోపు ఇంకో ఫోను.

ఆరేళ్లుగా ఇదే వరస. ఇంట్లో కాలు ఒకచోట నిలిచేది కాదు. నోట్లో ముద్ద ఉండగానే కంచం కడిగేసేది. భర్త దర్జీ. ఒకరోజు కుట్టడం ఆపి అన్నాడు.

"నువ్వలా తిరుగుతుంటే నాకు సూదిలో దారం ఎక్కడం లేదు. ఒక్క ఐదు నిమిషాలు కూర్చోవే."

"కూర్చుంటే వాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి."

ఒక మంగళవారం మధ్యాహ్నం ఓ పెద్దాయన ఫోను చేశాడు. భార్య వంటింట్లో పడిపోయింది, ఊపిరి ఆడటం లేదు. గుండె మీద ఎలా నొక్కాలో చెప్పి, పదకొండు నిమిషాలు ఆయనతో కలిసి లెక్కపెట్టింది. ఆయన ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. తలుపు చప్పుడైంది. ఫోను ఆగిపోయింది.

పదిహేను రోజులైనా ఆ గొంతు ఆమెను వదల్లేదు. ఫోను చేసినవాళ్ల ఇళ్లకు వెళ్లకూడదని ఆఫీసులో గట్టి నిబంధన. అయినా సెలవురోజున ఆయన చెప్పిన చిరునామా పట్టుకుని, రెండు బస్సులు మారి, నాలుగో అంతస్తు ఎక్కి, తలుపు కొట్టింది.

తీసినాయన చేతిలో తడిగుడ్డ ఉంది. "ఎవరమ్మా?"

"ఆ రోజు ఫోనులో లెక్కపెట్టించింది నేనే, బాబాయి గారూ."

ఆయన తలుపు బార్లా తీశాడు. "లోపలికి రా తల్లీ. మీ పిన్ని లేదు. ఆస్పత్రికి చేరకముందే పోయింది."

ఆమె గడపలోనే ఆగింది. "నేను ఇంకాస్త తొందరగా చెప్పి ఉంటే..."

"ఆ మాట అనకు. నలభై మూడేళ్లు కాపురం చేశాం. ఆ పూట నువ్వు పని చెప్పకపోతే, చేతులు కట్టుకుని చూస్తూ ఉండేవాణ్ణి. నా చేతనైంది చేశాను. ఆ మాట చెప్పుకునే నిద్రపోతున్నా." ఆయన గుడ్డ వైపు చూసుకున్నాడు. "పగలే కష్టంగా ఉంది. చుట్టాలంతా వెళ్లిపోయారు. పొద్దుట్నుంచి ఆ బీరువా తుడిచిందే తుడుస్తున్నా."

ఆమె లోపలికి వచ్చి చూసింది. మంచం ఓ మూలన గోడకు ఆని ఉంది. "మంచం కిటికీ వైపు జరుపుదామా? గాలి తగులుతుంది," అంది.

ఇద్దరూ చెరోవైపు పట్టారు. సగం దూరం వచ్చి మంచం మొరాయించింది.

"ఇదీ అచ్చం మీ పిన్నిలాగే. తనకు తోస్తేనే కదులుతుంది," అని నవ్వాడు. నవ్వుతూనే మంచం మీద కూలబడి ఏడ్చాడు.

ఆమె పక్కనే కూర్చుంది. ఏమీ లెక్కపెట్టలేదు. కింద వీధిలో హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆయన తేరుకునేసరికి గంట దాటింది. అంతసేపు కూర్చున్నట్టు ఆమెకే తెలియలేదు.

మర్నాడు సూపర్‌వైజరు మేడమ్‌తో ఉన్నదున్నట్టు చెప్పేసింది. అక్షింతలు బాగానే పడ్డాయి. తిట్లన్నీ విన్నాక ఆమె అడిగింది.

"వారానికి ఒక్క ఫోను సంగతైనా, చివరికి ఏమైందో మాకు చెప్పించండి మేడమ్. మంచైనా చెడైనా సరే."

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రాసివ్వు. పైవాళ్లను అడుగుతాను."

ఆమె తన సీట్లోకి వచ్చి కూర్చుంది. హెడ్‌ఫోను తగిలించుకుంది. ఎర్ర లైటు వెలిగింది. అవతల ఎవరో ఏడుస్తున్నారు.

"భయపడకండి. నేనున్నాను," అంది. రోజుకు వందసార్లు అనే మాటే. ఈసారి దాని అర్థం తెలిసి అంది.