యాకోబు కలుపు

అరవై ఒక్క శాతం!

కాగితం మీద ఆ అంకె చూసి షారోన్ ముందు నవ్వేసింది. "కంప్యూటర్ ఎక్కడో పొరబడ్డట్టుందండి" అంది.

వీరరాఘవయ్య నవ్వలేదు. బాపట్ల కాలేజీలో ఆయన లైబ్రేరియన్. ఎవరి థీసిస్ అయినా సరే, అందులో ఎక్కణ్ణుంచి ఎంత ఎత్తి రాశారో కంప్యూటర్లో పెట్టి తేల్చేది ఆయనే. "పొరబడలేదమ్మా. నీ మూడో అధ్యాయంలో అంత భాగం ఒకే వ్యాసంలో ఉంది. నాలుగు నెలల కింద జర్నల్లో అచ్చయింది. రాసింది మీ గైడు గారే" అన్నాడు.

"ఈ కాగితం కమిటీకి పంపక తప్పదు. సోమవారం వాళ్ల ముందు సంజాయిషీ చెప్పుకోవాలి" అని కూడా అన్నాడు.

అయిదేళ్ల చాకిరీ అది. వేమూరు నుంచి నగరం మండలం దాకా మడి మడికీ తిరిగి, నాట్లు వేసే ఆడవాళ్ల పక్కన మోకాలి లోతు బురదలో దిగి, వాళ్ల పని మాటలన్నీ నోట్‌బుక్కుల్లోకి ఎక్కించింది. ఏడాది కింద మూడో అధ్యాయం రాసి గైడు దశరథరామయ్య గారి చేతిలో పెట్టింది. "చూస్తున్నానమ్మా", "దిద్దుతున్నానమ్మా" అంటూ ఎనిమిది నెలలు దగ్గర పెట్టుకున్నాడు మహానుభావుడు. దిద్దడం అంటే తన పేరు వేసుకోవడం అని ఈ పిచ్చిపిల్లకేం తెలుసు!

ఆ గైడు అలాంటిలాంటి గైడు కూడా కాదు. ఫీజు కట్టలేనప్పుడు ప్రిన్సిపాల్ దగ్గరికి తనే వెళ్లి గడువు ఇప్పించాడు. తెనాలిలో ఆయనింటికి వెళితే అన్నం తినకుండా పంపేవాళ్లు కారు. "నాకిద్దరు కాదు, ముగ్గురు ఆడపిల్లలు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

లైబ్రరీలోనే కూర్చుని ఆ వ్యాసం చదివింది. వాక్యాలన్నీ తనవే. కామా కూడా మారలేదు. ఒక్కచోట మాత్రం ఆయన సొంత తెలివి చూపించాడు. "యాకోబు కలుపు" అనే మాట దగ్గర.

ఆ మాట సంగతి చెప్పాలి. షారోన్ తాత పేరు యాకోబు. మంచివాడే గానీ పనిలో శ్రద్ధ తక్కువ. ఆయన కలుపు తీసిన మడిలో సగం కలుపు అలాగే ఉండేది. నాయనమ్మ సుందరమ్మ మళ్లీ దిగి తీసుకునేది. ఆ రెండో విడత కలుపుకి ఆవిడ పెట్టిన పేరు అది. అంట్లు సరిగ్గా తోమకపోయినా, ఇల్లు సరిగ్గా ఊడవకపోయినా "ఇది కూడా యాకోబు కలుపేనా?" అని ఇంట్లో అందరినీ ఆటపట్టించేది. ఆ ఇల్లు దాటితే భూమ్మీద ఆ మాట అన్నవాళ్లు లేరు.

దశరథరామయ్య గారేం రాశాడో తెలుసా? క్రైస్తవ లేఖనాల్లో ఆ పేరుగల భక్తుడు మామగారింట రెండు విడతలు చాకిరీ చేశాడట. అందుకని రెండో విడత కలుపుకి డెల్టా కూలీలు ఆయన పేరు పెట్టుకున్నారట. ఈ మాటను తాను ఎనిమిది గ్రామాల్లో స్వయంగా విని రాసుకున్నాడట! చెప్పులకి మట్టి అంటకుండా ఎనిమిది గ్రామాలు ఎప్పుడు తిరిగాడో ఆయనకే తెలియాలి.

మర్నాడు రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్లింది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు.

"ఏంటమ్మాయ్, పొద్దున్నే? టిఫిన్ చేశావా?"

"నా అధ్యాయం మీ పేరుతో ఎందుకు అచ్చయింది సార్?"

ఆయన పేపరు మడిచాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. "ప్రమోషన్‌కి ఒక్క వ్యాసం తక్కువైందమ్మా. నేను రాసినా నువ్వు రాసినా ఒకటే కదా అనుకున్నా. చివర నీకు కృతజ్ఞతలు కూడా చెప్పా, చూళ్లేదా?"

చూసింది. 'టైపు చేసిపెట్టిన కుమారి షారోన్‌కు' అని ఉంది.

"కమిటీ నన్ను దొంగంటోంది సార్. సోమవారం సంజాయిషీ చెప్పుకోవాలి."

"అంత గొడవెందుకు? నా వ్యాసం నుంచి తీసుకున్నానని రాసి, అధ్యాయం కాస్త అటూ ఇటూ మార్చెయ్. నేను సంతకం పెడతా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "లేదూ, ఎదురు తిరుగుతానంటావా... ప్రతి మాటకీ ముగ్గురు సాక్షుల పేర్లు రాశావు కదా. ఆ ముగ్గురినీ తెమ్మంటే తేగలవా?" అన్నాడు.

ఒక్కరు చెబితే అది మాట కిందికి రాదు, ముగ్గురుండాలి అని నేర్పిందీ ఆయనే. నాయనమ్మ మాటని వదులుకోలేక, వీధిలో ఇంకో ఇద్దరి పేర్లు పక్కన చేర్చింది షారోన్. 'పర్లేదు రాసెయ్' అన్నదీ ఆయనే. ఇప్పుడు ఆ తాడే తన మెడకి వేస్తున్నాడు. కూతురన్న నోటితోనే!

తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఎవరో ముసలాయన "ఏమైందమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగితే తలూపింది.

సోమవారం దాకా లోపల ఒకటే రంపపుకోత. నోరు మూసుకుంటే డిగ్రీ వస్తుంది, కానీ సొంత నాయనమ్మ మాటకి ఆయన్ని హక్కుదారుగా రాయాలి. నోరు తెరిస్తే తన తప్పు కూడా బయటపడుతుంది. బస్సు కర్లపాలెం దాటేదాకా ఎటూ తేల్చుకోలేదు.

కమిటీకి పెద్ద సీతామహాలక్ష్మి మేడమ్. ఆవిడ పక్కనే దశరథరామయ్య గారు, ఏమీ ఎరగనట్టు. ఆ ముఖం చూడగానే షారోన్‌కి ఒక్కసారిగా తెగువ వచ్చేసింది.

"యాకోబు మా తాతండీ. ఆ మాట మా నాయనమ్మ ఒక్కతే అంటుంది. మిగతా రెండు పేర్లు నేను అబద్ధంగా చేర్చాను, తప్పే. మరి సార్ ఎనిమిది ఊళ్లలో ఎవరి దగ్గర విన్నారో అడగండి మేడమ్."

మేడమ్ అడిగింది. దశరథరామయ్య గారు ఒక ఊరి పేరు కూడా చెప్పలేక మంచినీళ్లు అడిగాడు. షారోన్ తారీఖులతో ఉన్న నోట్‌బుక్కులన్నీ బల్ల మీద పెట్టింది.

ఆయన వ్యాసం వెనక్కి తీసుకోమని జర్నల్‌కి రాయాలని తీర్మానించారు. షారోన్‌ని కూడా వదల్లేదు. మూడో అధ్యాయం కొట్టేశారు. కొత్త గైడు దగ్గర ఏడాది పని మళ్లీ చెయ్యాలి. బయట వరండాలో ఆయన ఎదురుపడి, "ఇంట్లో మనిషిలా చూసినందుకు బాగా బుద్ధి చెప్పావమ్మా" అన్నాడు.

"నా పేరు పక్కన మీ పేరు వేసుంటే జన్మంతా సంతోషించేదాన్ని సార్" అంది షారోన్. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి సుందరమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. షారోన్ పక్కన చతికిలబడి జరిగిందంతా చెప్పింది. లేఖనాల సంగతి విని ముసలావిడ పడీపడీ నవ్వింది. "మీ తాత భక్తుడా! ఆదివారం గుడికి పంపాలంటే నా తలప్రాణం తోకకొచ్చేది గదే!"

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత అడిగింది. "అది సరే. నా మాట పక్కన ఆ ఇద్దరి పేర్లెందుకు రాశావే?"

"ఒక్కళ్లు చెబితే మాట కింద లెక్కెయ్యరు నాయనమ్మా."

సుందరమ్మ చేతులు ఆగిపోయాయి. "ముప్పై ఏళ్లు ఆయన వెనకాల దిగి ఆ కలుపు తీసింది నేనొక్కదాన్నే. ఆ ఇద్దరూ ఏనాడన్నా వచ్చి ఒక్క గడ్డిపరక పీకారా? మీ సారంటే పరాయోడు. నువ్వెందుకు రాశావే?"

షారోన్ చేట దగ్గరికి లాక్కుని, తలెత్తకుండా చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది.