చింతపండు గదిలో అట్టపెట్టెలు

పుంగనూరులో సిరాజుద్దీన్‌కు కోల్డ్ స్టోరేజీ ఉంది. అందులో చింతపండు నిల్వ చేస్తారు. మే నెలలో ఒకరోజు అక్కడ కూలి చేసే రాములమ్మ మూటలు సర్దుతుంటే గోడవారన ఉన్న అట్టపెట్టె జారి పడింది. లోపల సీసా పగిలి, ఎర్రటి నీళ్లు నేల మీదికి వచ్చాయి. ఆమె వేలితో తాకి వాసన చూసింది. సిరాజుద్దీన్‌ను పిలిచింది.

"ఇది నూనె కాదప్పా. తాగేది."

ఆ పెట్టెలు చరణ్‌వి. చరణ్ కుప్పంలో ఉంటాడు. రైల్లో బెంగుళూరు పోయి ఉద్యోగం చేసి వస్తాడు. అతని తండ్రి గంగులప్ప ఈ స్టోరేజీలోనే మూటలు మోసి అతన్ని చదివించాడు. ఆ పరిచయంతో మూడేళ్ల కిందట చరణ్ వచ్చి, ఆలివ్ నూనె పెట్టుకుంటానని ఒక మూల అడిగాడు. గంగులప్ప కొడుకని సిరాజుద్దీన్ బాడుగ కూడా తీసుకోలేదు.

ఫోను చేసిన మరుసటి రోజు మధ్యాహ్నం తండ్రీకొడుకులు కారులో వచ్చారు. సిరాజుద్దీన్ పగిలిన సీసా చూపించాడు.

"ఏందిది?"

"వైన్, మామా."

"నూనె అన్నావే."

"నిజం చెప్పింటే పెట్టుకోనిచ్చేవాళ్లా?"

"ఇచ్చేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

"బాగుండాది. కాదంటానని తెలిసే పెట్టినావు."

చరణ్ వివరించాడు. ఫ్రాన్సులో, ఇటలీలో, చిలీలో తోటల వాళ్లు ఏడాదికొకసారి కొత్త వైన్ విడుదల చేస్తారు. విడుదల కాగానే కొనాలి. ఒక ఏడు మానేస్తే మరుసటేడు మన వంతు ఇంకొకరికి ఇస్తారు. రుచి పండాలంటే కొన్నాక ఏళ్ల తరబడి చల్లటి చోట ఉంచాలి. కుప్పంలో ఇంట్లో పెడితే ఎండకు చెడిపోతాయి.

"మనోళ్లు మామిడితోట పూత మీద కొనరా మామా? ఇదీ అట్లే."

"పూత మీద కొన్నోడు తోటలో గుడిసె ఏసుకోని కాపలా పండుకుంటాడు. ఇంకొకడి కొట్టంలో దాచడు."

"దాచలేదు మామా, అక్కడ..."

"నన్ను చెప్పనీ. పోయిన రంజాన్‌లో మదనపల్లెలో మసీదు మెట్ల మీద చింతపండు కొనే హమీద్ నన్ను అడిగినాడు. నీ స్టోరేజీలో సీసాలు ఉండాయంట, ఏం సరుకు అని. నూనె అని చెప్పినా. అల్లా సాక్షిగా అని చెప్పినా. అందరూ విన్నారు."

"ఇప్పటికీ వాళ్లకు తెలీదు కదా మామా."

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉన్న గంగులప్ప కొడుకు వైపు తిరిగాడు.

"సాబ్‌కు తెలిసింది కదరా," అన్నాడు.

సిరాజుద్దీన్ తలుపు బార్లా తెరిచాడు. "తీసకపో."

"ఇప్పుడు ఎండ మామా. కారులో పెడితే ఉడికిపోతాయి. పొద్దుగూకేదాకా ఆగండి."

"మూడేండ్లు ఆగినా. ఇంక ఆగను."

చరణ్ హమాలీల కోసం చూశాడు.

"నా మనుషులు ముట్టరు. నేనూ ముట్టను," అన్నాడు సిరాజుద్దీన్.

"నన్నైతే అడగొద్దు సామీ," అంది రాములమ్మ. "నిన్న ఆ నేల కడిగి ఇంటికి పోతే, మా ఆయన నా చీర వాసన చూసి యాడ తాగొచ్చినావు అన్నాడు. అడిగినోడు తాగుండాడు."

చరణ్ తండ్రి వైపు తిరిగాడు.

"ఒక చెయ్యి వెయ్యి నాయనా," అన్నాడు చరణ్.

గంగులప్ప భుజం మీది తువ్వాలు తీశాడు. గుండ్రంగా చుట్టి కొడుకు నెత్తిన పెట్టాడు.

"నువ్వు మొయ్యకూడదనే నేను ఈడ మోసింది. మొయ్ ఇప్పుడు."

చరణ్ పెట్టెలు ఒక్కొక్కటే మోశాడు. కారు డిక్కీ నిండింది. వెనక సీటు నిండింది. కారు ఎండలోనే ఉంది. చివరి పెట్టె బయటికి వచ్చాక సిరాజుద్దీన్ తలుపు మూసి టోపీ పెట్టుకున్నాడు. స్కూటర్ తాళం తీశాడు.

"యాడికి సాబ్?" గంగులప్ప అడిగాడు.

"మదనపల్లెకు. నమాజుకు అందరూ వస్తారు. మెట్ల మీదనే చెప్పాల."

"నేనూ వస్తా. నా కొడుకు చేసిందని నేను చెప్తా."

"అబద్ధం చెప్పింది నా నోరు గంగులప్పా. నువ్వొచ్చి ఏం చెప్తావు?"

సిరాజుద్దీన్ వెళ్లిపోయాడు. చరణ్ కారు స్టార్ట్ చేసి ఏసీ చివరిదాకా తిప్పాడు. ముందు సీటు తలుపు తెరిచాడు.

"ఎక్కు నాయనా, తొందరగా. వేడి లోపలికొస్తాంది."

గంగులప్ప ఆ తలుపు మూశాడు. బస్టాండు వైపు నడిచాడు.