పర్సోం పడవ

ఆ ఎండాకాలం దస్తగీర్‌కు పొద్దున లేస్తే రెండే పనులు: చాయ్ తాగడం, మొయిన్‌ను తిట్టుకోవడం.

బహదూర్‌పురా దగ్గరి చెరువులో అతనిది ఒక్కటే పడవ. దర్గాకు పోయేవాళ్లను అవతలి గట్టుకు దాటిస్తాడు. ఇన్నేళ్లూ తెడ్డు వేసి వేసి కుడి భుజం పట్టేస్తే, పెళ్లాం షౌకత్ బీ పోరు పెట్టి మోటారు కొనిపించింది. బిగించడానికి ఫలక్‌నుమా నుంచి మొయిన్ వచ్చాడు. అతను బాగుచేసేది కూలర్లు, కానీ ఏదైనా మోటారు మోటారే కదా అన్నాడు. చెవికి ఫోను ఆనించుకుని, కాబోయే పెళ్లాంతో నవ్వుతూనే పని కానిచ్చేశాడు. నాలుగు బోల్టులు పట్టే చోట రెండే పట్టించాడు. రబ్బరు వేయాల్సిన చోట తెగిన చెప్పు ముక్క దూర్చాడు. మోటారు ఓ పక్కకు ఒరిగి కూర్చుంది. ఇదేందని అడిగితే, "ఫికర్ చెయ్యకు చాచా, పర్సోం వచ్చి సెట్ చేస్త" అన్నాడు.

పాతబస్తీలో పర్సోం అంటే ఎల్లుండి కావచ్చు, మొన్న కావచ్చు, చెప్పేవాడి మొహమాటాన్ని బట్టి ఎన్నటికీ రాని రోజూ కావచ్చు. మొయిన్ ఎల్లుండి అనుకునే అన్నాడు. ఒరిగిన మోటారు మాత్రం మొన్న అని అర్థం చేసుకుంది. అప్పటినుంచి పడవ ఎక్కినవాళ్లంతా అవతలి గట్టున మొన్నటి రోజులో దిగుతున్నారు. తిరుగు ప్రయాణంలో మళ్లీ ఇవాళ్టికే వస్తున్నారు.

జనం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. గల్లీలో ఉండే వాసవాంబ అయితే వెళ్లి మొన్నటి పెళ్లి భోజనం ఇంకోసారి చేసొచ్చింది. కానీ గురువారం ఖవ్వాలీకని బయల్దేరి మంగళవారం దిగినవాళ్లు, ఖాళీ దర్గా చూసి దస్తగీర్ మీదే విసుక్కునేవాళ్లు. ఫోన్ చేస్తే మొయిన్ మళ్లీ పర్సోం అనేవాడు. చేతకాకపోతే సరే, చేతనై కూడా ఇట్లా ఎగ్గొడతాడేమిటని దస్తగీర్‌కు కడుపు మండిపోయేది.

మోటారు బిగించిన రోజే మొయిన్ దస్తగీర్ ఇంటి కూలర్ కూడా చూసిపోయాడు. వైర్లు మెలేసి, టేపు లేదని పైన పాలకవరు చుట్టాడు. నిన్న పొద్దున షౌకత్ బీ కూలర్‌లో నీళ్లు పోస్తూ తడి చేత్తో రేకును పట్టుకుంది. అక్కడికక్కడే కుప్పకూలింది. ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. ఇవాళ మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చి, రావాల్సినవాళ్లుంటే పిలుచుకోండి అన్నాడు.

దస్తగీర్ ఎవరినీ పిలవలేదు. మెట్లు దిగి చెరువుకు పరుగెత్తాడు. మొన్నటికి పోయే పడవ తన దగ్గరుండగా ఇంకెవరిని పిలవాలి?

పడవ దగ్గర మొయిన్ ఉన్నాడు. చేతులనిండా గ్రీజు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. చాచీ సంగతి తెలిసి నిలవలేక పొద్దున్నే వచ్చి, మోటారంతా విప్పి, నాలుగు కొత్త బోల్టులతో, మంచి రబ్బరుతో బిగించాడు. పుట్టి బుద్ధెరిగాక అతను శుద్ధంగా చేసిన పని అదొక్కటే. దస్తగీర్ పడవెక్కి అవతలికి పోయాడు. పడవ తిన్నగా, సాఫీగా పోయింది. గట్టున ఊదుబత్తీలమ్మే పుష్పమ్మను ఏ వారమని అడిగితే శనివారం అంది. అంటే ఇవాళే. వెంటనే తిరిగొచ్చి మొయిన్ కాలర్ పట్టుకున్నాడు.

"విప్పు. ముందుగాల ఎట్ల పెట్టినవో గట్లనే పెట్టు."

"చాచా, గిప్పుడే మంచిగ చేసిన."

"మంచిగ చేసినవ్ గనుకనే చెప్తున్న. ఖరాబ్ చెయ్."

మొయిన్‌కు అప్పుడు తట్టింది. గబగబా రెండు బోల్టులు పీకేశాడు. తన కాలి చెప్పే కోసి ముక్క దూర్చాడు. కానీ భయంతో చేసే పని నిర్లక్ష్యంగా ఎట్లా వస్తుంది? వంకరగా పెట్టినా దాంట్లో శ్రద్ధ ఉంది. పడవ మళ్లీ శనివారానికే పోయింది. పొద్దు వాలుతోంది. ఆసుపత్రి నుంచి ఎక్కడ ఫోనొస్తుందోనని దస్తగీర్ ఊరికే జేబు తడుముకుంటున్నాడు.

చివరికి అతనే మొయిన్ పక్కన కూలబడి, వాడి ఫోను వాడి చేతిలో పెట్టాడు.

"నీ పిల్లకు ఫోన్ కొట్టు. నవ్వుకుంట మాట్లాడు."

"చాచీ గట్లుంటే నేనెట్ల నవ్వాలె?"

"నవ్వు బేటా. నువ్వు నవ్వితేనే ఆమె బతుకుతది."

మొయిన్ ఫోను చెవికి ఆనించుకుని పానా అందుకున్నాడు. అవతలి పిల్లకు ఇవేమీ తెలియవు. పెళ్లికని కుట్టించిన షేర్వానీ తమ్ముడు తొడిగి చూసుకుంటే బొత్తాం తెగి దాదీ చాయ్‌లో పడిందని, దాదీ దాన్ని చక్కెరపలుకనుకుని చప్పరించిందని చెబుతోంది. మొయిన్ వింటూ వింటూ ఫక్కున నవ్వేశాడు. ఆ నవ్వులో పానా ఎటు తిరుగుతోందో చూడలేదు. బోల్టు సగంలో ఆగింది, మోటారు ఓ పక్కకు ఒరిగింది. దస్తగీర్ కళ్లు తుడుచుకుని పడవ తోశాడు.

ఈసారి పుష్పమ్మ గురువారం అంది. అతను ఆటో ఎక్కి ఇంటికి పోయాడు. మొన్నటి దస్తగీర్ ఆ వేళకు చెరువు నడుమ మోటారును తిడుతూ ఉంటాడు కాబట్టి ఎదురుపడే భయం లేదు. షౌకత్ బీ వంటింట్లో ఉల్లిగడ్డ తరుగుతోంది. అతను ప్లగ్గు పీకి, కూలర్ వైరు మొదలంటా తెంపి జేబులో వేసుకున్నాడు. ఆమె కత్తిపీట పక్కన పెట్టి, ఏం పుట్టిందని అరిచింది. అతను ఆమె తలమీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేసరికి ఇవతల మళ్లీ శనివారమే, గట్టు ఖాళీగా ఉంది. మొయిన్ లేడు. చాచీకి ఏమీ కాకపోతే వాడెందుకొస్తాడు? వాడు చేసిన ఆ ఒక్క మంచి పని ఇక దస్తగీర్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంట్లో షౌకత్ బీ చెమటలు కక్కుతూ అట్టముక్కతో విసురుకుంటోంది.

"మంచిగున్న కూలర్ పీకేసి పోయిన్రు. రెండు దినాల సంది ఉడికిపోతున్న. ఏం పాపం చేసిన నేను?"

అన్నం పెడుతూ తిట్టింది, గిన్నెలు సర్దుతూ తిట్టింది. దస్తగీర్ ఎదురుగా కూర్చుని, ఒక్క మాట కూడా పోనివ్వకుండా అన్నీ విన్నాడు. ఆమె అలిసి ఊరుకుంటే, ఇంకా ఏమైనా ఉందా అని అడిగాడు.